పిల్లలకు పిల్లలే గురువులు

పూండి రైలుస్టేషనులో దిగి తూర్పుగా సముద్రమువైపు నడచువారికి దారి కిరుప్రక్కల కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు కనుపట్టును. ఇది ఉద్దానము. ఉద్యానమను మాటయే జనుల నోట ఈ రూపము దాల్చినదని పెద్దలు చెప్పుదురు. ఈ తోటల నడుమనున్న పల్లెలలో ఒక ప్రాథమిక పాఠశాలకు పోయి, అయిదవ తరగతి బాలుని "నీరు ఆవిరియగుట యననేమి?" అని యడిగినచో, ఆతడు చేతులు కట్టుకొని పాఠ్యపుస్తకమందలి వాక్యమును తడుముకొనక యొప్పగించును. అక్కడికి కొలదిదూరముననే నౌపడ ఉప్పుమళ్ళలో సముద్రపు నీరు ఏటేట ఎండకు ఆవిరియై తెల్లని రాసులను మిగుల్చుచున్నది. ఆ వాక్యమునకును ఈ రాసులకును సంబంధము కలదని ఆ బాలునకు తోపదు. మాటతో చెప్పినను చాలదు. ఒక పళ్ళెములో ఉప్పునీరు పోసి ఎండలో పెట్టి, మరునాడు అడుగున మిగిలిన దానిని వ్రేలితో తీసి నాలుకపై నుంచుకొన్నగాని ఆ సంబంధము వాని బుద్ధికి పట్టదు.

1930లో ఉప్పు సత్యాగ్రహము జరిగిననాడు సముద్రతీరమున ప్రజలు కుండలలో నీరు కాచి ఉప్పు వండిరి. ఒక మహారాజ్యమును కదలించిన ఆ కార్యము ఒక విధముగా పసిపిల్లలు చేయదగిన ప్రయోగమే. అట్టి తీరమున పుట్టిన పిల్లలు ఆవిరిని గూర్చి పుస్తకమున మాత్రమే చదువుచుండుట మనకు సిగ్గుచేటు.

నేడు మేము పాఠకుల యెదుట పెట్టదలచిన మాట యొక్కటే. పసిపిల్లలకు ప్రకృతిశాస్త్రమును చేతులతో చేయించి నేర్పవలెను. ఆ నేర్పుటలో పైతరగతుల విద్యార్థులను, కళాశాలల విద్యార్థులను వినియోగింపవలెను. ఇది క్రొత్తమాట కాదు. మనదే యైన పాతమాట. మనము మరచిపోయిన మాట.

మేము చదువుకొన్న యొక ఉన్నత పాఠశాలలో ప్రయోగశాల యుండెను. దానికి తాళమును ఉండెను. తాళపుచెవి ప్రధానోపాధ్యాయుని మేజా సొరుగునందుండెను. సంవత్సరమున కొకమారు పరిశీలనాధికారి వచ్చు దినమున ఆ తలుపు తెరువబడి, గాజు బుడ్ల దుమ్ము తుడువబడి, సాయంత్రమునకు మరల మూయబడెడిది. గాజుసామాను పగులునేమో యను భయముచేత మా బుద్ధులు వికసింపకుండ కాపాడబడినవి. ఆ సామానునకు మేము జవాబుదారులము కాము గాని, మా అజ్ఞానమునకు జవాబుదారు లెవ్వరో నేటికిని మాకు తెలియలేదు. ఈ అనుభవము మా యొక్కరిదే కాదనియు, ఈ వాక్యములు చదువు పాఠకులలో పెక్కురు చిరునవ్వుతో తల యూపుదురనియు మేము నమ్ముచున్నాము. నేడు దేశమున 2016 మొదలుగా అటల్ టింకరింగ్ ప్రయోగశాలలను పేరుతో కొన్ని పాఠశాలలయందు మంచి సాధనసంపత్తి ఏర్పడినది. సంతోషమే. కాని యవి ఆరవ తరగతి మొదలుకొని పైవారికి ఉద్దేశింపబడినవి. ఆరేండ్ల పసివానికి, ఎనిమిదేండ్ల బాలికకు వానిలో పాలు లేదు. ప్రశ్నలు పుట్టు వయస్సొకటి, సాధనములు దొరకు వయస్సింకొకటి యైనది. సాధనములు చేతికి వచ్చునాటికి ప్రశ్నలడుగు అలవాటు చచ్చుచున్నది.

ఇక పాతమాట యననేమో చెప్పెదము. మన వీధిబడులలో పంతులొక్కడే యైనను చదువు నలువది మందికి సాగెడిది. ముందు చేరిన పిల్లవాడు వెనుక చేరిన పిల్లవానిచేత ఇసుకలో అక్షరములు దిద్దించెడివాడు. 1789లో చెన్నపట్టణమునందలి ఎగ్మూరు అనాథ బాలుర ఆశ్రమపాఠశాలకు పెద్దయైన ఆండ్రూ బెల్ అను పాదిరి, ఈ దేశపు పిల్లలు ఇసుకలో వ్రాయుటను చూచి ఆశ్చర్యపడి, తన పాఠశాలలో ఆ పద్ధతిని ప్రవేశపెట్టదలచెను. అతని క్రింది ఉపాధ్యాయు లొల్లకపోగా, ఎనిమిదేండ్ల ప్రాయముగల యొక విద్యార్థికే ఆ పని నప్పగించెను. పని నెరవేరెను. 1797లో అతడు లండనులో ఈ ప్రయోగమును గూర్చి పుస్తకము ప్రకటింపగా, ఇంగ్లండు దేశమంతట అది 'మదరాసు పద్ధతి' యను పేర వ్యాపించెను.

దీనికి సాక్ష్యము తెల్లదొరల కాగితములయందే కలదు. 1822లో సర్ థామస్ మన్రో చెన్నరాజధానిలోని దేశీయ పాఠశాలల లెక్క తీయింపగా, 1823లో బళ్ళారి కలెక్టరు కాంబెల్ తన జిల్లాలో 533 బడులు కలవనియు, అందు 226 తెలుగుబడులనియు వ్రాసెను. ముందు చదివినవారిచే వెనుకవారికి నేర్పించు నీ పద్ధతి మిక్కిలి మెచ్చదగినదనియు, ఇంగ్లండులో దీని ననుకరించుట యుక్తమే యనియు అతడు స్పష్టముగా నొప్పుకొనెను. మన సొమ్మును మనము పోగొట్టుకొని, పరులు దానిని మెచ్చిన తరువాత మరల నేర్చుకొనుట మనకు వాడుకయే కదా!

అయినను పూర్వపుదంతయు పూజ్యమని మే మనము. ఆ కాంబెలే మరియొక మాటయు వ్రాసెను. ఆ బడులలో పిల్లలు తమకుగాని తమ పంతులకుగాని అర్థము తెలియని పద్యములను వల్లించుచున్నారనెను. ఆ జిల్లాలో చదువుచున్న 6,641 మందిలో హిందూ బాలికలు 60 మంది మాత్రమే. పద్ధతి మంచిది, పాత్రయందున్న పదార్థము చాలదు, ఆ పాత్రయు అందరి ముందు పెట్టబడలేదు. ఇంగ్లండులో దాని గతి యింకను హీనమయ్యెను. బెల్, లాంకాస్టరు అనువారి పేర వెలసిన పాఠశాలలలో వందలకొలది పిల్లలను ఒక్క ఉపాధ్యాయుని క్రింద నుంచి, కర్మాగారమునందు యంత్రములవలె పాఠములను త్రిప్పిరి. ఖర్చు తగ్గెను, చదువును తగ్గెను. కొన్ని దశాబ్దములలో ఆ పద్ధతి పోయి శిక్షణ పొందిన ఉపాధ్యాయులు కావలసివచ్చిరి. ఈ చరిత్రము మనకు రెండు హెచ్చరికల నిచ్చుచున్నది. పెద్దపిల్లలచేత వల్లె వేయించినచో వల్లెవేయుటయే వ్యాపించును. పెద్దపిల్లలను ఉపాధ్యాయునికి బదులుగా వాడినచో పిల్లలును చెడుదురు, ఉపాధ్యాయవృత్తియు చెడును. ఈ రెంటిని తప్పించుకొన్నగాని మన సూచన సఫలము కాదు.

మొదటి దోషమును తప్పించుకొనుటకు మన దేశముననే మార్గదర్శకులు కలరు. మధ్యప్రదేశమున హోషంగాబాదు జిల్లాలో 1972లో 16 పాఠశాలలతో ఆరంభమైన విజ్ఞానబోధన కార్యక్రమము, 1978లో ఆ జిల్లా మాధ్యమిక పాఠశాలలన్నిటికిని వ్యాపించెను. అచ్చట పుస్తకము జవాబు చెప్పదు; ప్రశ్న వేయును. జవాబును పిల్లలు తమ చేతులతో వెదకుకొనవలెను. అగ్గిపుల్లలు, సైకిలుగొట్టపు ముక్కలు, చెరువుగట్టున దొరకు పూలు వారి సాధనములు. ముప్పదియేండ్లు నడచిన ఆ కార్యక్రమమును 2002లో అచ్చటి ప్రభుత్వము నిలిపివేసెను. ఒక మంచిపనిని నాటుటకు ముప్పదియేండ్లు పట్టును. పెరుకుటకు ఒక్క ఉత్తరువు చాలును.

రెండవ మార్గదర్శి మన ఆంధ్రదేశముననే కలదు. 1999లో స్థాపింపబడిన అగస్త్య అంతర్జాతీయ సంస్థ చిత్తూరుజిల్లా కుప్పము సమీపమున 172 ఎకరముల ఆవరణమును ఏర్పరచుకొని, ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు చేతిప్రయోగములద్వారా శాస్త్రము నేర్పుచున్నది. ప్రయోగసామగ్రిని వాహనములమీద, తుదకు మోటారుసైకిళ్ళమీద సైతము పల్లెలకు పంపుచున్నది. అందు మాకు ముఖ్యముగా తోచినది వారి యంగ్ ఇన్‌స్ట్రక్టర్ లీడర్ల పద్ధతి. పల్లెపాఠశాలల విద్యార్థులనే ఎంచి, వారికి నమూనాలను, ప్రయోగములను క్షుణ్ణముగా నేర్పి, తోడిపిల్లలకును చిన్నపిల్లలకును నేర్పించుచున్నారు. రాష్ట్రమునకు దక్షిణపు కొనయందు కుప్పమున సాగుచున్న పని, ఉత్తరపు కొనయందు పూండియొద్ద ఏల సాగరాదు? ఇచ్చటి పిల్లలకు కన్నులు తక్కువా? చేతులు తక్కువా?

పెద్దపిల్లవాడు చిన్నపిల్లవానికి నేర్పుటయందు ఉపాధ్యాయునికి సైతము లేని సౌకర్యము లేవియో కలవు. ఉపాధ్యాయుడు ఒక విషయమును నేర్చుకొని ఇరువదియేండ్లు గడచినవి. అది మొదట తనకేల తెలియలేదో అతడు మరచియుండును. తొమ్మిదవ తరగతి బాలికకు ఆ తికమక నిన్నమొన్నటిది. చిన్నవారు ఎక్కడ తొట్రుపడుదురో ఆమె ఎరుగును. మరియు, ఉపాధ్యాయుని యెదుట "తెలియలేదు" అనుటకు పసివాడు జంకును. అన్నయనియు, అప్పయనియు పిలుచు వారియెదుట వాడు జంకడు. ఒకటికి పదిమారు లడుగును. అన్నిటికంటె ముఖ్యము భాష. ఉద్దానపు పిల్ల ఉద్దానపు పిల్లతో ఉద్దానపు మాటలలోనే మాటలాడును. ఈ ప్రాంతముననే శ్రీముఖలింగము దాపున పుట్టి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడై, సవరల భాష నేర్చుకొని సవరలకు వారి భాషలోనే చదువు చెప్పించిన గిడుగు రామమూర్తి పంతులుగారు మనకు నేర్పిన పాఠ మిదియే. మేమీ పత్రికాభాషను విడువలేకున్నాము గాని, పసివానికి ఆవిరిని గూర్చి చెప్పునప్పుడు వాని తల్లి పొయ్యియొద్ద వాడు మాటయే తగినదని మేమును ఒప్పుకొందుము.

"పిల్లలు తప్పు చెప్పిన నేమి గతి?" యని యొక ఆక్షేపణ కలదు. ఇది నిజమైన ఆక్షేపణ. దీనిని ఒక ఉదాహరణముతో పరిశీలింతము. పళ్ళెములో నీరు పోసి, నడుమ క్రొవ్వొత్తి వెలిగించి, దానిపై గాజుగ్లాసు బోర్లించుట మన పాఠశాలలలో పేరొందిన ప్రయోగము. దీప మారును, నీరు గ్లాసులోనికి ఎగబ్రాకును. "గాలిలో అయిదవపాలు ప్రాణవాయువు, అది మండిపోయినది గనుక ఆ మేరకు నీరెక్కినది" అని పెద్దపిల్లవాడు గంభీరముగా చెప్పును. పెక్కు పుస్తకములలోను అట్లే యుండును. పెక్కురు ఉపాధ్యాయులును అట్లే చెప్పుదురు. అది సరియైన కారణము కాదు.

ఇప్పుడు ఒక చిన్నపిల్ల "అన్నా, రెండు వత్తులు పెట్టితే?" అని యడిగెననుకొందము. ప్రాణవాయువే కారణమైనచో, ఒక గ్లాసునందలి ప్రాణవాయువు అంతే గనుక, నీరును అంతే యెక్కవలెను. మూడు వత్తులు పెట్టి చూచిన నీరు మరింత యెక్కును. జాగ్రత్తగా గమనించినచో, దీపము మండునప్పటికంటె ఆరిన తరువాతనే నీరు త్వరగా ఎక్కుటయు, గ్లాసు బోర్లించునప్పుడు అంచునుండి బుడగలు వెలువడుటయు కనబడును. మంటవేడికి వ్యాకోచించిన గాలి కొంత వెలికిపోయినది. మంట ఆరి చల్లబడినతోడనే లోనిగాలి సంకోచింపగా వెలుపలి గాలియొత్తిడి నీటిని లోనికి నెట్టినది. వత్తులు హెచ్చిన వేడి హెచ్చును. వేడి హెచ్చిన నీరును హెచ్చును. ఒక పసిపిల్ల ప్రశ్న పుస్తకపు తప్పును బయటపెట్టినది! వినుట చేతనే చదువు సాగుచోట తప్పు నిలిచియుండును. చేసి చూచుట అలవాటైనచోట తప్పునకు ఆయువు తక్కువ. కావున పెద్దపిల్లవానికి మనము నేర్పవలసినది జవాబులు కావు. "తెలియదు, చేసి చూతము" అను రెండు మాటలు నిర్భయముగా పలుకుట. మన పెద్దలలో ఈ మాట పలుకగలవా రెందరు?

ఉద్దానమునకు వేరు ప్రయోగశాల యక్కరలేదు. ఒకే కొలత నీటిని వెడల్పు పళ్ళెములో ఒకచోట, లోతు చెంబులో ఒకచోట పోసి ఎండలో నుంచినచో, ఉప్పుమళ్ళు లోతు లేక వెడల్పుగా నేల యుండునో పిల్లలకే తెలియును. మధ్యాహ్నభోజనమున వడ్డించు కోడిగ్రుడ్డు మంచినీటిలో మునుగును. ఉప్పు బాగుగ కలిపిన నీటిలో తేలును. పెండ్లినాడు పసుపులో సున్నము కలిపి పారాణి చేయుట చూడని పిల్ల లేదు. ఆ పసుపునే కాగితమునకు పూసి ఆరబెట్టి, సున్నపునీరు, సబ్బునీరు, నిమ్మరసము, చింతపండు పులుసు వేరువేరుగా చుక్కలు వేసి చూచినచో, ఏది యెఱ్ఱబారునో, ఏది యెఱ్ఱబారదో పట్టిక వ్రాయవచ్చును. రసాయనశాస్త్రమునకు గడప యిదియే.

నాలుగడుగుల కఱ్ఱను బడిముంగిట నిలువుగా పాతి, గంట గంటకు నీడకొనను సున్నముతో గుర్తించినచో దిక్కులు తెలియును, నడిమిపొద్దు తెలియును. ఈ ప్రాంతమున సంవత్సరమునకు రెండుమారులు, మే నెల నడుమను, జూలై చివరను, మిట్టమధ్యాహ్నము సూర్యుడు సరిగా నడినెత్తిన నిలుచుటచే కఱ్ఱకు నీడయే యుండదు. మే నెలలో బడులకు సెలవులు, జూలైలో మబ్బులు. అయిననేమి? సెలవులలో ఇంటనున్న పెద్దపిల్లలు వీధిపిల్లలను చేర్చుకొని ముంగిట కఱ్ఱ పాతి ఆ వింతను చూపవచ్చును. ఒక్కమారు చూచిన పిల్లవాడు భూమి గుండ్రమను మాటను ఇక వల్లెవేయడు. అర్థము చేసికొనుటకు పూనుకొనును.

ఒక సీసాను కోసి, గరాటువలె బోర్లించి, కొలతగీతలు వ్రాసినచో వర్షమాపకమగును. 2018 అక్టోబరు 11వ తేది వేకువను తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటి, ఉద్దానపు కొబ్బరిని, జీడితోటలను వ్రేళ్ళతో పెల్లగించినది. ఆనాటి పసిపిల్లలు నేడు పైతరగతులలో నున్నారు. ఆ రాత్రి గాలి హోరు వారి చెవులలో నింకను ఉండును. గాలి యెందుండి వీచును, సముద్రపు వేడికిని తుపానునకును సంబంధమేమి, తుపాను కన్ను దాటినప్పుడు గాలి కొంత యడగి మరల ఎదురుదిక్కునుండి యేల కొట్టును, అను ప్రశ్నలు వారికి పుస్తకపు ప్రశ్నలు కావు. ఇంటికప్పు ఎగిరిపోయిన ప్రశ్నలు. కన్ను దాటునప్పటి ఆ నిశ్శబ్దమును నమ్మి వెలికిపోరాదని చిన్నవారికి నేర్పినచో ఆ శాస్త్రము ప్రాణములను కాపాడును.

ఇక మిక్కిలి బరువైన మాట చెప్పవలసియున్నది. ఉద్దానపు పల్లెలలో మూత్రపిండముల వ్యాధి ఎన్ని కుటుంబముల దీపముల నార్పినదో ఈ ప్రాంతపు పాఠకులకు మేము చెప్పనక్కరలేదు. తండ్రిని రక్తశుద్ధికై ఆసుపత్రికి తీసికొనిపోవు బాలుడు, ఆ మరునాడు బడిలో బల్లమీద కూర్చుండుట ఇచ్చట అరుదైన దృశ్యము కాదు. భూగర్భజలము, ఎండలో దప్పికతో చేయు శ్రమ, పురుగుమందులు, వంశానుగత లక్షణములు మున్నగువానినెల్ల శాస్త్రజ్ఞులు పరిశీలించిరి. కారణము ఇదమిత్థమని యింకను తేలలేదు. 2023 డిసెంబరులో పలాసయందు 200 పడకల ఆసుపత్రియు, మూత్రపిండవ్యాధుల పరిశోధనాలయమును తెరువబడినవి. హిరమండలము జలాశయమునుండి వంశధార నీటిని గొట్టములద్వారా పల్లెల కందించు పథకమును ప్రారంభింపబడినది. ఇవి కావలసిన కార్యములే. కాని కారణము తెలియని వ్యాధి యున్నచోట వదంతులకు బలము హెచ్చు. ఒకడు ఈ బావినీరే విషమనును. ఒకడు ఆ వేరు తాగినచో నయమగుననును. ఒకడు రూపాయలు తీసికొని తాయెత్తు కట్టును.

ఈ వదంతులకు మందు ఏమి? ఉపన్యాసములు కావు. ఒక చిన్న ప్రయోగమును తలతము. వాననీటిలోను, రెండుమూడు బావుల నీటిలోను ఒకే కొలత సబ్బు వేసి సీసాలలో కుదిపి, నురుగు ఎత్తును కొలిచి వ్రాసినచో, ఏ నీరు ఎంత కఠినమో కొంతకు కొంత తెలియును. అప్పుడొక పిల్లవాడు "నురుగు రాని నీరే రోగము తెచ్చునా?" అని యడుగకమానడు. ఆ క్షణమున పెద్దపిల్లవాడు చెప్పవలసిన మాట శాస్త్రమున కంతకును సారము. "ఈ పరీక్ష నురుగును చూపినది, రోగమును చూపలేదు. రోగమును గూర్చి తెలియవలెనన్న వేరు పరీక్షలు కావలెను." చూచినదానికిని ఊహించినదానికిని గల భేదమును పదేండ్ల వయస్సున గుర్తించిన పిల్లవాడు, ముప్పదియేండ్ల వయస్సున తాయెత్తుల వానిచేతిలో మోసపోడు; పరిశోధకులు వచ్చి రక్తపరీక్ష చేయుదుమన్నప్పుడు భయపడి పారిపోడు; ఫలితములు చెప్పుడని ధైర్యముగా నడుగును. 1976లో రాజ్యాంగమున చేర్చబడిన 51-ఎ అధికరణము, శాస్త్రీయదృష్టిని పెంపొందించుకొనుట ప్రతి పౌరుని కర్తవ్యమని విధించుచున్నది. ఉద్దానమున అది కర్తవ్యము మాత్రమే కాదు, ప్రాణావసరము.

రెండవ దోషమును గూర్చి స్పష్టముగా చెప్పెదము. ఉపాధ్యాయులు లేని బడిలో పెద్దపిల్లలను నిలిపి, ఉద్యోగములు నింపకుండుటకు మా సూచనను సాకుగా చేయువారున్నచో, వారికి మేము మొదటి విరోధులము. 2020 జాతీయ విద్యావిధానము సైతము, తోడివిద్యార్థుల బోధనను శిక్షితులైన ఉపాధ్యాయుల పర్యవేక్షణమున స్వచ్ఛందముగా, ఉల్లాసముగా సాగవలసిన పనిగానే చెప్పినది. ఉపాధ్యాయుని స్థానమును పిల్లలు పూరింపజాలరు. ఆతని చేతులను పెంచగలరు. ఈ భేదమును అధికారులు మరచినను తలిదండ్రులు మరువరాదు.

"పరీక్షలకు చదువుకొనవలసిన పిల్లల కాలము వ్యర్థమగును గదా" యని కొందరు తండ్రు లందురు. వారికి మేము చెప్పున దేమనగా: ఒక విషయము మనకు తెలిసినదో లేదో తెలిసికొనవలెనన్న, దానిని ఆరేండ్లపిల్లకు చెప్పి చూడవలెను. తొమ్మిదవ తరగతి బాలుడు గాలియొత్తిడిని గూర్చి పదిమారులు చదివి తెలిసికొనలేనిది, ఒక్కమారు చెప్పబూని తెలిసికొనును. వారమునకు ఒక్క గంట యిచ్చినచో నష్టమేమియు లేదు; లాభమే కలదు.

కార్యక్రమము సులభమైనది. పూండి, పలాస, టెక్కలి పరిసరములందలి ఒక్కొక్క ఉన్నత పాఠశాల, దాపుననున్న ఒక్కొక్క ప్రాథమిక పాఠశాలను తన తమ్మునిగా భావింపవలెను. స్వయముగా ముందుకు వచ్చిన పదిమంది బాలబాలికలను శాస్త్రోపాధ్యాయుడు శుక్రవారము సాయంత్రము ఒక ప్రయోగమున తరిఫీదు చేయవలెను. శనివారము వారు చిన్నపిల్లల యొద్దకు పోవలెను. ఒక్కొక్క పెద్దపిల్లకు అయిదుగురు చిన్నవారికి మించరాదు. మొదట చేయి చిన్నవానిది కావలెను. పెద్దవాని చేయి వెనుక నుండవలెను. ఏమి జరుగునో ముందు ఊహించి చెప్పించి, పిమ్మట చేయించి, తుదకు చూచినదానిని వారి మాటలలోనే వ్రాయించవలెను. నిప్పుతో పని ఉపాధ్యాయు డెదుట నున్నగాని చేయరాదు. సముద్రపుటొడ్డునకు, రైలుపట్టాల దాపునకు పెద్దలు లేక పోరాదు. బాలికలు సగమునకు తక్కువ కారాదు. బెస్తపల్లెల పిల్లలను, కూలివారి పిల్లలను "వీరు చూచువారు, వారు చేయువారు" అని విడదీయరాదు. పాత వీధిబడి చేసిన తప్పును మనము మరల చేయరాదు.

టెక్కలి, పలాస కళాశాలల విద్యార్థులును, ఎచ్చెర్లలోని సాంకేతిక విద్యాలయ విద్యార్థులును సెలవులలో తమ యూళ్ళకు వచ్చినప్పుడు, ఈ ఉన్నతపాఠశాల పిల్లలకు తాము అన్నలు కావలెను. ఆ విధముగా జ్ఞానము మెట్టుమెట్టుగా దిగివచ్చును. దిగివచ్చుకొలది నీటివలె తగ్గక, దీపము దీపమును వెలిగించినట్లు పెరుగును.

పఠనమందిరములకు మా ప్రత్యేక విన్నపము. 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారు ప్రభృతులు విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి, ప్రకృతిశాస్త్రములు తెలుగున రావలెనని పాటుపడిరి. ఆ పుస్తకములు గ్రంథాలయముల బీరువాలకు చేరినవి. అచ్చటినుండి పసివాని చేతికి చేరుటయే మిగిలిన పని. ప్రతి పఠనమందిరమును ఒక చెక్కపెట్టె నుంచవలెను. అందు ఒక భూతద్దము, ఒక అయస్కాంతము, కొలబద్ద, గాజుగ్లాసులు, సీసాలు, గరాటు, దారము, క్రొవ్వొత్తులు, పసుపు, సున్నము ఉండవలెను. దాని ఖరీదు ఒక చిన్న సన్మానసభకు పూలదండల కగు వ్యయమునకు మించదు. ఆ పెట్టెకు తాళము వేయరాదు. ఈ యొక్క నియమమును మేము మిక్కిలి గట్టిగా కోరుచున్నాము. గ్లాసు పగిలినచో మరియొకటి కొందము. పగులని గ్లాసు, వికసింపని పిల్ల, ఈ రెండును ఒక్కచోట నుండుటను ఇక మనము సహింపరాదు.

స్వాతంత్ర్యమనగా పరుల మాటను వినినంతనే తలవంచకుండుట. అది రాజ్యవిషయమున మన పెద్దలు సాధించిపెట్టిరి. బుద్ధివిషయమున ప్రతి పిల్లవాడును తనకు తానే సాధించుకొనవలెను. పూండి పిల్లవాడొకడు శనివారము మధ్యాహ్నము బడిముంగిట గొంతుకూర్చుండి, పళ్ళెమునందలి నీరు ఇంకినచోట తెల్లని పొడిని వ్రేలితో తీసి నాలుకపై నుంచుకొని, "అప్పా, ఉప్పే!" అని కేక వేయు దినమున ఆ సాధనము మొదలైనట్లు మేమెంచెదము. ఆ కేక వినుటకు మనము ఏ ప్రభుత్వపు టుత్తరువునకును వేచియుండ నక్కరలేదు. వచ్చు శనివారము చాలును.